షీలా జోర్డన్ రెండు చిత్తరువులు

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికా జాజ్ గాయని షీలా జోర్డన్ 2025 ఆగస్టు 11న న్యూయార్క్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూసిన వార్తను మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న కాలమ్‌గా ప్రచురించింది. తెలుగునాట జాజ్ సంగీతం వినేవాళ్లు తక్కువే అయినా ఆ వార్తకు చోటిచ్చినందుకు ముందుగా నా కృతజ్ఞతలు. అయితే ఆ నాలుగు వాక్యాల్లో రెండు నన్ను కొన్నాళ్లుగా వదలకుండా ఉన్నాయి. ఆమె జీవితంలో సగభాగం టైపిస్టు ఉద్యోగంలో గడిచిపోవడం వల్ల గుర్తింపు ఆలస్యంగా వచ్చిందని ఒక వాక్యం చెప్పింది. అంత వయసులో కూడా ఒక కొత్త ఆల్బమ్ విడుదల చేయడం విశేషమని మరొకటి చెప్పింది. ఆ ఆల్బమ్ పేరు గాని, అందులో ఎవరు వాయించారన్నది గాని, ఆమె ఎలా పాడిందన్నది గాని ఎక్కడా లేదు. ఈ రెండు వాక్యాల గురించి నాకు తెలిసింది చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో 33 ఏళ్లు పనిచేశాను. మొదట టైపిస్టుగా చేరి స్టెనోగ్రాఫరుగా పదవీ విరమణ చేశాను. చిన్నప్పుడు ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, ఇప్పటికీ నా మట్టుకు నేను ఇంట్లో పాడుకుంటాను. షీలా జోర్డన్ గొంతు నేను మొదటిసారి విన్నది 2011లో, న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు. నాకు పొద్దుపోవడం లేదని అమ్మాయి ఆ ఊరి గ్రంథాలయం నుంచి తెచ్చిన నాలుగైదు సీడీల్లో ఒకటి ఆమెది. నిజం చెప్పాలంటే మొదటి పాట వినగానే నాకు నచ్చలేదు. గొంతు సన్నగా ఉంది, బలం లేదు, స్వరం మీద సూటిగా నిలబడకుండా కింద నుంచో పై నుంచో జారుతూ వచ్చి చేరుతోంది. రెండోరోజు మళ్లీ విన్నప్పుడు తెలిసింది, ఆ జారుడు పొరపాటు కాదని, వెళ్లవలసిన చోటు ముందే చెవికి తెలిసి, ఆ దారిని ఆమె కావాలని సాగదీస్తోందని. గమకం అలవాటైన చెవికి ఆ తేడా అందడానికి ఒక్కరోజు పట్టడం నాకే ఆశ్చర్యమనిపించింది. సీడీతో పాటు ఉన్న చిన్న పుస్తకంలో ఆమె న్యూయార్క్‌లో ఆఫీసు టైపిస్టుగా పనిచేసిందని చదివినప్పటి నుంచి ఆమె నాకు పరాయి మనిషి కాలేదు.

ఆమె 1928 నవంబరు 18న డెట్రాయిట్‌లో పుట్టింది. తల్లి చాలా చిన్నవయసులో కన్నది కావడంతో పిల్లను పెన్సిల్వేనియాలోని సమ్మర్‌హిల్ అనే బొగ్గుగనుల ఊళ్లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంచారు. నీళ్ల కుళాయి కూడా లేని పేద ఇల్లు అది. గని పని ముగించి సాయంత్రం తాగడానికి చేరే కార్మికుల మధ్య ఈ చిన్నపిల్ల పాటలు పాడేది. ఆ పాటల్లో ఒకదాని సంగతి మళ్లీ చెబుతాను.

పదేళ్లు దాటాక తల్లి దగ్గరకు డెట్రాయిట్ చేరింది. హైస్కూలు రోజుల్లో బడి దగ్గర తినుబండారాల దుకాణంలో నాణెం వేస్తే పాట పాడే జూక్‌బాక్స్‌లో ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ రికార్డు ఒకటి విన్నది. ఇక నా జీవితం ఈ సంగీతానికే అని ఆ క్షణమే అనుకున్నానని ఆమె తరువాత ఎన్నోసార్లు చెప్పింది. 1940ల్లో పార్కర్, ఆయన తోటివాళ్లు తెచ్చిన బిబాప్ అనే ఆ పద్ధతి సామాన్యమైనది కాదు. మాట అందుకోలేని వేగంలో, క్షణక్షణానికి మారిపోయే స్వరసమూహాల మీద అప్పటికప్పుడు అల్లే సంగీతం అది. పార్కర్ డెట్రాయిట్ వచ్చినప్పుడు వయసు చాలక ఆమెను క్లబ్బులోకి రానివ్వలేదు. వెనక సందులో నిలబడి విన్నది. ఈమె, మరో ఇద్దరు యువకులు కలిసి పార్కర్ వాయించిన స్వరకల్పనలకే మాటలు కట్టి పాడేవారు. ఆ పిల్లవి మిలియన్ డాలర్ల చెవులని పార్కర్ అన్నాడు. నేనైతే ఆ మాటను గొంతుకిచ్చే ఏ ప్రశంస కన్నా పెద్దదిగా లెక్కిస్తాను, ఎందుకంటే ఆమె కళ అంతా ఆ చెవి మీదనే కట్టుకున్నది.

1950ల మొదట్లో ఆమె న్యూయార్క్ చేరింది. కళ్లులేని పియానో విద్వాంసుడు లెన్నీ ట్రిస్టానో దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పద్ధతి మన గురుకులానికి చాలా దగ్గర. పెద్ద విద్వాంసుల రికార్డు పెట్టి, అందులోని స్వరకల్పనను వాయిద్యం ముట్టకుండా నోటితో మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా పాడితే గాని తరువాతి పాఠం లేదు. పార్కర్ బృందంలో పియానో వాయించిన డ్యూక్ జోర్డన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన నల్లజాతి వాడు, ఈమె తెల్లమ్మాయి. ఆనాటి అమెరికాలో ఆ జంట వీధిలో నడిస్తేనే తగవుగా ఉండేది. 1955లో కూతురు పుట్టింది. ఆ కాపురం నిలవలేదు, పిల్లను తల్లి ఒక్కతే పెంచింది.

ఆ పెంపకం కోసమే ఆమె టైపిస్టు ఉద్యోగాన్ని పట్టుకుని ఉంది. ప్రకటనల సంస్థ ఆఫీసుల్లో టైపు కొట్టి, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లకు అన్నం పెట్టి, వారానికి ఒకటి రెండు రాత్రులు న్యూయార్క్‌లోనే గ్రెనిచ్ విలేజ్ అనే పేటలోని పేజ్ త్రీ అనే చిన్న క్లబ్బులో పాడేది. ఆ రాత్రుల్లో దొరికే డబ్బు పిల్లను చూసే మనిషికి, టాక్సీకి సరిపోయేది గాని ఇల్లు నడపడానికి సరిపోయేది కాదు. ఈ జీవితం ఆమె మూడు దశాబ్దాల దాకా గడిపింది. 1980ల చివర్లో, 58 ఏళ్ల వయసు వచ్చాక ఆ ఉద్యోగం పోయినప్పుడే పాటను పూర్తికాలం పనిగా చేసుకుంది.

మీ వార్త ఈ మూడు దశాబ్దాలను గడిచిపోయిన కాలమని అన్నది. నా అభ్యంతరం ఇక్కడే. గడిచిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా సెక్షనులో 1978 నుంచి నా పక్క సీటులో ఒక టైపిస్టు ఉండేది. నాకన్నా రెండేళ్లు పెద్ద, నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. టైపు హయ్యరులో ఫస్టు క్లాసు, దానికన్నా గొప్పగా పాట వచ్చు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మిషను మీద కవరు కప్పి, దాని మీద రెండు చేతులూ ఆనించి సన్నగా తోడిరాగం అందుకునేది. ఎదురుగా డ్రాఫ్టుల కట్ట ఉంటుంది, రెండున్నరకల్లా ఫెయిర్ కాపీ మూడు కార్బన్లతో సూపరింటెండెంటు బల్ల మీద పడాలి. ఆ పది నిమిషాల్లోనే ఆమె ఒక్క పంక్తి సాహిత్యం తీసుకుని ఎన్ని విధాల నెరవు చేసేదో నేను ఇప్పటికీ మరచిపోలేను. తిరిగి టైపు మొదలుపెట్టాక క్యారేజీ చివరికొచ్చి గంట మోగినప్పుడల్లా అది తాళం మీద పడేట్టు వాక్యాన్ని సర్దుకునేది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఆ గంట సరిగ్గా సమం మీద పడిన రోజున నా వైపు చూసి నవ్వేది. ఆమె ఒక్కసారి కూడా వేదిక ఎక్కలేదు. ఎక్కమని అడిగినవాళ్లు లేరు, ఇంట్లో ఎక్కనిచ్చినవాళ్లూ లేరు. గడిచిపోవడమంటే అది.

షీలా జోర్డన్ విషయం అది కాదు. ఉద్యోగం ఆమె పాటను మింగలేదు, కాపాడింది. ఇంటద్దె, పిల్ల బడి జీతం పాట మీద ఆధారపడి లేవు కాబట్టి, క్లబ్బు యజమాని అడిగిన పాటలు, కంపెనీ అమ్ముకోగల పాటలు పాడవలసిన అవసరం ఆమెకు రాలేదు. అందుకే ఆమె అందంగా వినిపించడానికి కాకుండా కొత్తగా వినడానికి పాడగలిగింది. పాటను పోషించుకోవడానికి ఆఫీసుకు వెళ్లేదాన్నన్న అర్థం వచ్చేలా ఆమె ఎన్నోసార్లు మాట్లాడింది. ఆ మాటలో ఎప్పుడూ జాలి వినిపించదు. కష్టం లేదని నేను అనడం లేదు. పగలు ఎనిమిది గంటలు మిషను ముందు కూర్చున్న వెన్ను రాత్రి పదింటికి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అలసటలో సగం పిల్ల గురించిన బెంగే ఉంటుందని కూడా తెలుసు.

ఇప్పుడు ఆ బొగ్గుగని పాట సంగతి. పేజ్ త్రీలో ఆమె పాట విన్న సంగీతకర్త జార్జ్ రసెల్ ఆమె ఎక్కడి మనిషో తెలుసుకోవాలని ఆమెతో కలిసి ఆ గనుల ఊరు వెళ్లాడు. అక్కడ కార్మికులు తాగే చోట ఒకాయన ఆమెను గుర్తుపట్టి, చిన్నప్పుడు పాడే 'యు ఆర్ మై సన్‌షైన్' ఇంకా పాడుతున్నావా అని అడిగాడు. అమెరికాలో పసిపిల్లలకు కూడా వచ్చిన పాట అది, పైకి ఎంతో హుషారైన పాట. తిరిగొచ్చాక రసెల్ దాన్ని తన బృందానికి కొత్తగా కూర్చి, 1962లో 'ది అవుటర్ వ్యూ' అనే ఆల్బమ్ కోసం ఆమె చేత పాడించాడు. వాయిద్యాలన్నీ చెల్లాచెదురై, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒక పెద్ద గందరగోళంగా సాగి, ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలోకి ఏ తోడూ లేకుండా, శ్రుతి అందించేవారు కూడా లేకుండా, ఆమె గొంతు ఒక్కటే వచ్చి చాలా నిదానంగా ఆ పాట ఎత్తుకుంటుంది. నా సూర్యకాంతిని తీసుకుపోకండి అని వేడుకునే పంక్తి ఆ హుషారు పాటలో ఎప్పుడూ ఉన్నదే. ఆమె పాడాకనే అది వేడుకోలని వినిపించింది. గనిలోకి దిగి పగలంతా ఎండ చూడని మనుషుల మధ్య ఆ పాట నేర్చుకున్న పిల్ల అది. నేను ఆ రికార్డు విన్న రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆమె సొంత పేరుతో మొదటి ఆల్బమ్ రికార్డు చేసింది. 'పోర్ట్రెయిట్ ఆఫ్ షీలా', అంటే షీలా చిత్తరువు. 1963లో బ్లూ నోట్ కంపెనీ విడుదల చేసింది. వాయిద్య సంగీతానికే పేరుపడ్డ ఆ కంపెనీ అప్పటికి గాయనుల ఆల్బమ్‌లు దాదాపుగా వేయలేదు. అందులో పియానో లేదు. బారీ గాల్‌బ్రెయిత్ గిటార్, స్టీవ్ స్వాలో బేస్, డెంజిల్ బెస్ట్ డ్రమ్స్, అంతే. 12 పాటలు. అందులో ఒక పాటలో గిటార్, డ్రమ్స్ కూడా తప్పుకోగా కేవలం గొంతు, బేస్ రెండే ఉంటాయి. కనబడ్డ ప్రతి వస్తువునూ చూపించి అదేమిటి, ఇదేమిటి అని ప్రశ్నలు వేసే చిన్నపిల్ల మీద తల్లిదండ్రుల పాట అది. అప్పటికి ఏడేళ్ల కూతురున్న తల్లి దాన్ని పాడింది.

ఇది ఎంత కష్టమో మన పాఠకులకు చెప్పాలంటే కొంచెం ఆగి చెప్పాలి. మన కచేరీలో తంబురా మొదటి నుంచి చివరి దాకా ఒకే శ్రుతిని పట్టుకుని ఉంటుంది, గాయకుడు ఎంత దూరం వెళ్లినా తిరిగి రావడానికి ఆ ఇల్లు అక్కడే ఉంటుంది. జాజ్‌లో ఆ ఇల్లే కదులుతుంది. పాట కింద స్వరసమూహం ప్రతి రెండు మూడు అక్షరాలకు మారుతుంది, దానితో పాటే గాయని పట్టుకోవలసిన ఆధారమూ మారుతుంది. మామూలుగా ఆ మార్పును పియానో గాని గిటార్ గాని నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగించి చూపిస్తుంది. బేస్ అనేది మనిషి కన్నా ఎత్తుగా నిలబెట్టి వేళ్లతో మీటే తీగవాద్యం. మంద్రంలో ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, ఆ పలుకు కూడా త్వరగానే ఆరిపోతుంది. ఆ ఒక్క స్వరాన్ని విని, వినిపించని మిగతా మూడు స్వరాలను గాయని తన చెవిలో తానే ఊహించుకోవాలి. ఒక్క క్షణం ఊహ తప్పినా పాట మొత్తం పక్కకు జరుగుతుంది, సర్దుకోవడానికి తోడు ఎవరూ ఉండరు. పార్కర్ చెవుల గురించి అన్న మాట ఎందుకు అన్నాడో ఆ ఒక్క పాట వింటే అర్థమవుతుంది.

ఆమె ఈ దారిని వదలలేదు. 1977లో నార్వే బేస్ విద్వాంసుడు అరిల్డ్ ఆండర్సన్‌తో మొత్తం ఆల్బమ్‌ను గొంతు, బేస్‌లతోనే చేసింది. 1980ల నుంచి మరో బేస్ విద్వాంసుడు హార్వీ స్వార్ట్జ్‌తో, ఆ తరువాత కామెరన్ బ్రౌన్‌తో కచేరీలకు కచేరీలు ఇద్దరే నడిపారు. ఈ హార్వీ పేరు గుర్తుంచుకోవాలి, తరువాత హార్వీ ఎస్ అని పేరు కుదించుకున్నాడు. గొంతు, బేస్‌ల జంటను ఒక చమత్కారంగా కాక ఒక పూర్తి కచేరీ పద్ధతిగా నిలబెట్టినవారిలో మొదటగా చెప్పవలసిన పేరు ఆమెదే.

మరొక సంగతి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా నచ్చుతుందని నా నమ్మకం. జాజ్ గాయకులు స్కాట్ అని అర్థం లేని అక్షరాలతో స్వరకల్పన చేస్తారు, మన కల్పనస్వరం లాంటిదే గాని సరిగమల పేర్లుండవు. ఆమె అది చేసేది, కాని ఆమెకు ప్రాణం వేరొకటి. పాట మధ్యలో రాసిన సాహిత్యం వదిలి, అప్పటికప్పుడు మాటలు కట్టుకుంటూ, ప్రాస తప్పకుండా, తాళం తప్పకుండా పాడేది. ఎదురుగా కూర్చున్నవాళ్ల గురించి, పక్కన వాయిస్తున్నవాళ్ల గురించి, తన అమ్మమ్మ గురించి, గనుల ఊరి గురించి, పార్కర్ గురించి అక్కడికక్కడే పాటలో చెప్పేది. మనం ఆశువు అంటామే, అది. అవధాని ముందు పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యను పద్యంలో పూరించడం చూసి ఎదిగిన జాతి మనది. ఆ సమస్యను రాగంలో, కదిలే స్వరసమూహాల మీద పూరించడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆమె ఏం చేసేదో కొంత తెలుస్తుంది.

మొదటి ఆల్బమ్ తరువాత సొంత పేరుతో రెండోది 1975లో వచ్చింది. 12 ఏళ్ల ఆ ఎడాన్ని చూసి అందరూ ఆమె కనుమరుగైందని రాస్తారు. ఆ ఏళ్లలోనూ ఆమె క్లబ్బుల్లో, చర్చిల్లో పాడుతూనే ఉంది, ఇతరుల ఆల్బమ్‌లలో కనిపిస్తూనే ఉంది. 1978 నుంచి న్యూయార్క్ సిటీ కాలేజీలో జాజ్ గాత్రం నేర్పడం మొదలుపెట్టింది. టైపిస్టు ఉద్యోగం అప్పటికింకా ఉంది. 2012లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఆమెకు జాజ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది. మీ వార్త గుర్తింపు అన్నది బహుశా దాన్ని ఉద్దేశించే. కాని తోటి విద్వాంసులు ఆమెను 1940ల్లోనే గుర్తించారు. ఆలస్యమైంది పత్రికలు, కంపెనీలు. అది ఆమె జీవితంలోని లోపం కాదు.

ఒక వింత కూడా జరిగింది. 1960 జూన్‌లో, అంటే మొదటి ఆల్బమ్ కన్నా రెండేళ్ల ముందు, ఆమె పాడిన ఒక రికార్డింగు ఎక్కడో మూలన పడి ఉండి, 2021లో 'కమ్స్ లవ్' అనే పేరుతో విడుదలైంది. ఆ రోజు పాడినట్లు ఆమెకే గుర్తులేదట. ఆఫీసులో సెలవు పెట్టి పాడి వచ్చి, మర్నాడు మళ్లీ మిషను ముందు కూర్చున్న ఒక రోజు కావచ్చునని నేను అనుకుంటాను. అది నా ఊహ మాత్రమే. కాని అందులో గొంతు 31 ఏళ్ల పిల్లది, లేతది, ఇంకా వెతుక్కుంటున్నది. దాన్ని, తరువాత రెండేళ్లకే వచ్చిన 'పోర్ట్రెయిట్'నూ పక్కపక్కన పెట్టి వింటే మనిషి ఎంత త్వరగా తనను తాను కనుక్కుందో తెలుస్తుంది.

ఇక మీ వార్త పేరు చెప్పని ఆ కొత్త ఆల్బమ్. 2025 ఫిబ్రవరిలో డాట్ టైమ్ రికార్డ్స్ విడుదల చేసిన దాని పేరు 'పోర్ట్రెయిట్ నౌ'. ఇప్పటి చిత్తరువు. 62 ఏళ్ల కిందటి మొదటి ఆల్బమ్ పేరును ఆమె తెలిసే పిలిచింది. గిటార్ రోనీ బెన్-హర్, బేస్ హార్వీ ఎస్. పియానో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అప్పుడు డ్రమ్స్ ఉన్నాయి, ఇప్పుడు అవీ లేవు. అంటే వయసు పెరిగిన కొద్దీ గాయకులు ఎక్కువ వాయిద్యాల వెనక దాక్కుంటారని మనం చూస్తూ ఉంటాం గదా, ఈమె ఉన్న ఆసరాల్లో ఒకటి ఇంకా తీసేసింది. పక్కనున్న బేస్ విద్వాంసుడు 1979లో పియానో విద్వాంసుడు స్టీవ్ కూన్ బృందంతో చేసిన 'ప్లేగ్రౌండ్' ఆల్బమ్ నాటి నుంచి ఆమె శ్వాస తెలిసినవాడు. 40 ఏళ్లు దాటిన ఆ పరిచయం ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. ఆమె ఊపిరి తీసుకునే చోట అతను స్వరాన్ని ముందుగా అందించడు, వెనకగానూ అందించడు, ఆమె వచ్చి దిగే చోట పీట వేసినట్టు ఉంచుతాడు.

ఆ గొంతు ముసలిదైపోయింది. దాచవలసిన పని లేదు. స్థాయి దిగింది, పొడవైన పంక్తులు ముక్కలయ్యాయి, పైస్వరాల్లో బొంగురు వచ్చింది. కాని ఆమె ఆ ముక్కలనే పద్ధతిగా మార్చుకుంది. ఇదివరకు ఒకే ఊపిరిలో పాడే పంక్తిని ఇప్పుడు మూడుగా విరిచి, విరిచిన చోట్ల మాటకు కొత్త బరువు వచ్చేలా చేస్తుంది. జారుతూ వచ్చి స్వరాన్ని చేరడం మొదటి ఆల్బమ్‌లోనూ ఉంది, ఇక్కడా ఉంది. అప్పుడు అది సాహసంలా ఉండేది. ఇక్కడ తలుపు తీసి ఉన్న సొంత ఇంట్లోకి నడిచినట్టు ఉంది. శ్రుతి మాత్రం చెదరలేదు. గొంతుకు వయసొచ్చింది గాని చెవికి రాలేదని నాకనిపించింది.

96 ఏళ్ల మనిషి ఆల్బమ్ చేయడం విశేషమే. కాని వయసు విశేషంగా చెప్పి పాట సంగతి వదిలేస్తే, జాతరలో వింత చూపించినట్టవుతుంది. ఆమె ఆరు దశాబ్దాల పాటు అలాంటి చూపు నుంచే పాటను కాపాడుకుంది. అందుచేత సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. ఏ సంగీతమైనా కానివ్వండి, మన సంగీతమైనా సరే, కొత్త ఆల్బమ్ విడుదలైందని రాసినప్పుడు ఆవిష్కరించిన పెద్దల పేర్లు, కళాకారుల వయసు, వచ్చిన బిరుదులతో పాటు ఆ రికార్డు విన్న మనిషి చేత పది వాక్యాలు రాయించండి. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ పాట ఎలా ఉంది, ఏది కుదరలేదు. కుదరనిదీ రాయాలి. మన గాయకుల సీడీలు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చే ఆల్బమ్‌లు ఎన్నో ఒక్క మనిషి కూడా విని రాయకుండానే పాతబడిపోతున్నాయి. శనివారం అనుబంధంలో సగం కాలమ్ చాలు. రాసేవాళ్లు లేరనుకోకండి, రిటైరైన ఉపాధ్యాయులు, రేడియోలో పనిచేసినవాళ్లు, సంగీతం నేర్చుకుని గృహిణులుగా ఉండిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల చెవులు ఖాళీగా ఉన్నాయి.

నేను పైన చెప్పిన మా సెక్షను అక్కయ్య ఇప్పుడు రాజమహేంద్రవరంలో కొడుకు దగ్గర ఉంటోంది. మొన్న దసరాకు వెళ్లినప్పుడు నా ఫోనులో 'పోర్ట్రెయిట్ నౌ' పెట్టి ఇయర్‌ఫోన్లు ఆమె చెవికి ఇచ్చాను. ఎవరని గాని, వయసెంతని గాని చెప్పలేదు. ఇంగ్లీషు పాటలు ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్లు మూసుకుని రెండు పాటలు విన్నది. కుడిచేతి వేళ్లు చీర కుచ్చెళ్ల మీద ఆడుతున్నాయి, టైపు కీల మీద ఆడినట్టా తాళం వేసినట్టా నాకు తెలియలేదు. తరువాత కళ్లు తెరిచి, పెద్దావిడలా ఉంది, ఊపిరి చాలడం లేదు గాని శ్రుతి ఎక్కడా వదలడం లేదే అన్నది. కింద తీగవాద్యం వాయిస్తున్నాయన ఈవిడ తమ్ముడా అని అడిగింది. కాదన్నాను. మరి అంత కనిపెట్టుకుని ఎలా వాయిస్తున్నాడమ్మా అని, సమాధానం కోసం ఆగకుండా ఫోను నా వైపు తోసి, తరువాతి పాట పెట్టమన్నది.

ఇట్లు,
విశ్రాంత స్టెనోగ్రాఫరు,
కాకినాడ